ఇల్లు అమ్మేముందు కరెంటు తనిఖీ: డెల్టాలో దొరికే సేవ ఏపాటిది?

కోనసీమలోనైనా, భీమవరం, పాలకొల్లు వైపైనా పాత ఇల్లు బేరానికి వచ్చిందంటే కొనేవాళ్లు ముందు అడిగేది లింకు డాక్యుమెంట్లు, ఈసీ. తర్వాత వాస్తు. ఆ తర్వాత బోరు నీళ్లు మంచివా, ఉప్పువా అని. కరెంటు సంగతి వచ్చేసరికి హాల్లో ఫ్యాను తిరిగి, వంటింట్లో లైటు వెలిగితే సరిపోయిందనుకుంటారు. బ్యాంకు లోనుతో కొన్నా ఇదే తంతు. వాల్యుయేషన్‌కి వచ్చే ఇంజనీరు కొలతలు, కట్టుబడి వయసు చూసుకుని వెళ్తాడు. లాయరు హక్కు పత్రాలు చూస్తాడు. మెయిన్ బోర్డు మూత విప్పే మనిషి ఈ మొత్తం వ్యవహారంలో ఎవరూ ఉండరు. ఆ పని మేం చేసిపెడతామంటూ ఇప్పుడు మూడు రకాల వాళ్లు వస్తున్నారు. ఎవరికి డబ్బు ఇవ్వొచ్చు, ఎవరికి ఇవ్వక్కర్లేదు అన్నదే ఈ సమీక్ష.

ముందు ఒక మాట. మన దగ్గర ఇల్లు అమ్మాలంటే కరెంటు తనిఖీ కాగితం ఉండాలన్న నిబంధన లేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఎవరూ అడగరు. ఫ్రాన్సులో 15 ఏళ్లు దాటిన వైరింగు ఉన్న ఇంటికి ఈ నివేదిక జతచేయకుండా అమ్మకం జరగదు, 2009 నుంచి అక్కడ అది తప్పనిసరి. దక్షిణాఫ్రికాలో కూడా చేతులు మారే ఇంటికి రెండేళ్లలోపు తీసుకున్న కరెంటు సర్టిఫికెట్ కావాలి. మనకు అలాంటి బలవంతం లేదు కాబట్టి నివేదిక ఇలాగే ఉండాలన్న నమూనా కూడా వాడుకలో లేదు. ఒకాయన అర పేజీ చేతిరాత ఇస్తాడు, ఇంకో కంపెనీ యాభై పేజీల పీడీఎఫ్ పంపుతుంది. రెండింట్లోనూ ఒక్క కొలత అంకె కూడా లేకుండా ఉండే అవకాశం ఉంది. అంకెల్లేని తనిఖీ కాగితానికి విలువ లేదన్నది మా అభిప్రాయం. ఈ కింద రాసిందంతా ఆ లెక్కలోనే చదవండి.

మొదటి రకం, వీధిలో తెలిసిన వైర్‌మ్యాన్. జేబులో టెస్టరు, చేతిలో హోల్డరుకి రెండు వైర్లు కట్టిన బల్బు. ఇల్లంతా తిరిగి నాలుగు సాకెట్లలో టెస్టరు పెట్టి, "అంతా బానే ఉందండి, ఆ రెండు స్విచ్చులు మార్చుకుంటే చాలు" అంటాడు. మనిషి మంచివాడే అయ్యుంటాడు, పనీ వచ్చే ఉంటుంది. కానీ నియాన్ టెస్టరు చెప్పేది ఫేజు ఉందా లేదా అన్న ఒక్క ముక్కే. వైరు ఒంటి మీద తొడుగు ఎంత పాడైందో, ఎర్తు ఎంత బలంగా ఉందో అది చెప్పలేదు. పైగా చాలా ఇళ్లలో ఆ వైరింగు వేసింది కూడా ఆయనే. తన పనికి తానే మార్కులు వేసుకోమంటే ఏం వేసుకుంటాడు? ఈ రకానికి మేం డబ్బు పెట్టమనం.

రెండోది, ఫోను యాప్‌లో బుక్ చేస్తే హైదరాబాదు నుంచో విశాఖ నుంచో మనుషుల్ని పంపే హోమ్ ఇన్‌స్పెక్షన్ కంపెనీలు. గోడల చెమ్మ, టైల్సు బోలు శబ్దం, తలుపుల వాలు అన్నీ చూస్తారు. వేడి చూపించే కెమెరా తెస్తారు, అది నిజంగా పనికొచ్చే వస్తువే. ఇబ్బంది ఎక్కడంటే వీళ్ల చెక్‌లిస్టు అపార్టుమెంట్ల కోసం తయారైంది. ఫ్లాటులో ఎర్తు గొయ్యి బిల్డింగుకంతటికీ ఉమ్మడి, మీటరు సెల్లారులో ఉంటుంది, మోటారు అసోసియేషన్‌ది. అందుకని ఆ గళ్లు వాళ్ల కాగితంలో ఉండవు. డెల్టాలో చుట్టూ పెరడు, మూల మీద మోటారు, గోడవారగా ఎర్తు గొయ్యి ఉన్న ఇంటికి తేడా వచ్చేదే ఆ మూడు చోట్ల. సాకెట్ల ఫొటోలు పాతిక ఉండి ఎర్తు విలువ లేని నివేదికలు చూస్తే జాలేస్తుంది.

మూడోది, రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు ఇచ్చిన కాంట్రాక్టరు లైసెన్సు ఉన్నవాళ్లు. రైసు మిల్లులకూ, ఐస్ ఫ్యాక్టరీలకూ, రొయ్యల ప్లాంట్లకూ పని చేసేవాళ్లు కాకినాడ, భీమవరం, రాజమండ్రి, తణుకుల్లో ఉన్నారు. ఇంటి తనిఖీకి ప్రచారం చేసుకోరు, అడిగితే వస్తారు. మీటర్లు సొంతంగా ఉంటాయి, సూపర్‌వైజరు సర్టిఫికెట్ ఉన్న మనిషి సంతకం పెడతాడు. మాకు నచ్చింది ఈ రకమే, అదీ ఒక షరతు మీద. ఫోనులోనే నాలుగు పరికరాల పేర్లు అడగండి: 500 వోల్టుల మెగ్గరు (వైరు తొడుగు బలం కొలిచేది), ఎర్త్ టెస్టరు, ఆర్‌సీసీబీ (కరెంటు ఎక్కడైనా లీకైతే సప్లై కోసేసే స్విచ్చు) టెస్టరు, మిల్లీ ఆంపియర్లలో లీకేజీ చూపే క్లాంపు మీటరు. నాలుగూ ఉన్నాయంటే పిలవండి. "మెగ్గరు ఎందుకండి ఇంటికి?" అన్నాడంటే ఫోను పెట్టేయండి. మూడు పడకగదుల ఇంటికి పని సరిగ్గా చేస్తే సగం పూట పడుతుంది. గంటలో ముగించి టీ తాగి వెళ్లిపోయాడంటే బోర్డులు విప్పలేదని అర్థం.

బయటినుంచి మొదలవ్వాలి

మంచి తనిఖీ వీధిలో స్తంభం దగ్గర మొదలవుతుంది. స్తంభం నుంచి ఇంటికొచ్చే అల్యూమినియం సర్వీసు వైరు కొబ్బరి చెట్ల కిందుగా వస్తోందా, మట్టలు పడి సాగిందా, బరువు మోసే జీఐ తీగ తెగి ఆ బరువంతా కరెంటు వైరు మీదే పడిందా చూడాలి. సాగిన వైరులో ముందు వదులయ్యేది మీటరు దగ్గరి జాయింటు. అల్యూమినియాన్ని రాగితో మెలిపెట్టి టేపు చుట్టిన చోట ఉప్పుగాలి తగిలితే చిలుము పట్టి వదులవడం ఇంకా తొందర. న్యూట్రల్ జాయింటు వదులైతే ఏమవుతుందో డెల్టా పల్లెల్లో చాలామందికి తెలుసు: లైట్లు మసకబారి మిణుకుమంటాయి. త్రీఫేజు ఇంట్లో అయితే ఒక లైటు మసకగా, ఇంకో లైటు మరీ ఎక్కువగా వెలుగుతాయి, టీవీ పోతుంది. సింగిల్ ఫేజు వస్తువుల మీదికి 230 బదులు 300 దాటి రావడానికి కూడా వీలుంది. స్తంభం నుంచి మీటరు దాకా బాధ్యత కరెంటు పంపిణీ కంపెనీ డిస్కందే కాబట్టి తనిఖీకి వచ్చినవాళ్లు అక్కడ చెయ్యి పెట్టకూడదు, రాసి ఇవ్వాలి. ఇల్లు అమ్మేవాళ్లు ఆ కాగితంతో సెక్షను ఆఫీసులో ఫిర్యాదు ఇస్తే లైన్‌మ్యాన్ వచ్చి చేస్తాడు.

మీటరు సీలు ఫొటో, ఆ రోజు రీడింగు ఫొటో తీసుకోవాలి. సీలు తెగి ఉంటే, మీటరుకి ముందునుంచి ఇంకో వైరు పోతుంటే, కొనేవాళ్లు అక్కడే ఆగాలి. విద్యుత్ చట్టం 2003లో సెక్షన్ 135 కింద అది దొంగతనం కేసు. ఇంటి సర్వీసు నుంచి పక్కనున్న రొయ్యల చెరువు ఏరేటర్లకు వైరు లాగి ఉంటే సెక్షన్ 126 వస్తుంది, అంటే అనుమతి లేని వాడకం. దానికి టారిఫ్‌కి రెట్టింపు లెక్కన వసూలు చేస్తారు, ఎప్పటినుంచో తేలకపోతే వెనక 12 నెలలకు. భీమవరం, ఉండి, కాళ్ల మండలాల్లో చెరువు గట్టు మీద ఇల్లుంటే ఈ సంగతి తప్పకుండా చూడాలి.

మూత విప్పాక

మెయిన్ బోర్డులో మొదట పోల్చాల్సింది ఎంసీబీ (లోడు మించితే దానంతటదే పడిపోయే స్విచ్చు) మీద అంకెనూ దాని కింద వైరు లావునూ. పెద్ద తప్పులు ఎక్కువగా దొరికేది ఇక్కడే. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరుకి 10, మహా అయితే 16 ఆంపియర్ల ఎంసీబీ ఉండాలి. 2.5కి 16 లేదా 20. ఏసీకి వేసే 4కి 20 లేదా 25. ఏసీ పెట్టాక ఎంసీబీ ఊరికే పడిపోతోందని 32 తెచ్చి తగిలించిన ఇళ్లు ప్రతి వీధిలోనూ ఉన్నాయి. దాంతో ఎంసీబీ పడటం మానేస్తుంది, వైరు కాగడం మొదలవుతుంది. పాత కిట్‌క్యాట్ ఫ్యూజు కటౌట్లు ఉన్నచోట ఫ్యూజు తీగకు బదులు దొరికిన రాగి పోచలు చుట్టడం కూడా అదే జబ్బు.

తర్వాత పడకగదికి ఒకటి, వంటింట్లో రెండు, బాత్రూము బయట ఒకటి చొప్పున స్విచ్‌బోర్డులు విప్పి చూడాలి. ఎర్తు పిన్ను వెనక ఏముందో కళ్లతో చూడటం ముఖ్యం. ఎర్తు వైరు లేని పాత ఇళ్లలో ఎర్తు పిన్నుని న్యూట్రల్‌కి చిన్న వైరు ముక్కతో కలిపేస్తారు. టెస్టరుకీ మల్టీమీటరుకీ అంతా సవ్యంగానే కనిపిస్తుంది, ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 చూపిస్తుంది. ఎక్కడో వెనక న్యూట్రల్ తెగిన రోజున ఫ్రిజ్జు ఒళ్లు, వాషింగ్ మెషిన్ ఒళ్లు, గీజరు ఒళ్లు అన్నిటికీ ఒకేసారి ఫేజు వచ్చేస్తుంది. దీన్ని పట్టుకోవడానికి కళ్లు కాకుండా ఇంకో దారి ఉంది. ఆ సాకెట్‌లో ఒక కిలోవాట్ ఇస్త్రీపెట్టె పెట్టి న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య వోల్టేజి చూడాలి. నిజమైన ఎర్తు అయితే లోడు పడగానే ఒకటో రెండో వోల్టులు కనిపిస్తుంది. అంకె సున్నా మీదే కదలకుండా ఉంటే ఆ రెండూ బోర్డులోనే కలిసున్నాయని అనుమానించి విప్పాలి.

కరెంటు తీసేసి చేసే పరీక్ష మెగ్గరుది. దానికి ముందు ప్లగ్గులన్నీ పీకాలి, ఎల్ఈడీ బల్బులు తీయాలి, ఇన్వర్టరు విడదీయాలి, ఎలక్ట్రానిక్ ఫ్యాను రెగ్యులేటర్లను పక్కకు తప్పించాలి. 500 వోల్టులు వాటి మీదికి వెళ్తే అవి చస్తాయి. తొందరపడి రెగ్యులేటర్లు కాల్చేసి మాటపడ్డ సందర్భాలు ఈ వృత్తిలో మామూలే. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి ఎర్తుతో కొలవాలి, స్విచ్చులన్నీ వేసి ఉంచాలి. కనీసం ఒక మెగా ఓము రావాలన్నది నిబంధన. బాగున్న వైరింగులో వందల్లో వస్తుంది. ఒకటికీ ఐదుకీ మధ్య వచ్చిందంటే పాసైనట్టే కానీ ముసలిదైపోయిందని అర్థం, సర్క్యూటు సర్క్యూటుగా విడదీసి ఏది లాగేస్తోందో చూడాలి. పెరట్లో లైటు, మేడమీద లైటు, మోటారు లైను, ఈ మూడింట్లో ఏదో ఒకటి అవుతుంది ఎక్కువ సార్లు.

ఎర్తు దగ్గరే అసలు తేడా

మా ప్రాంతంలో ఎర్తు పరీక్ష అంటే బల్బు పరీక్ష. ఫేజుకీ ఎర్తుకీ మధ్య వంద వాట్ల బల్బు పెడతారు, వెలిగితే "ఎర్తు బ్రహ్మాండం". లెక్క వేద్దాం. వంద వాట్ల బల్బు వేడెక్కాక దాని అడ్డు (రెసిస్టెన్సు) సుమారు 529 ఓములు. ఎర్తు గొయ్యి 50 ఓములతో దాదాపు పనికిరాకుండా ఉన్నా, మొత్తం 579 ఓముల్లో దాని వాటా పదో వంతు కూడా లేదు. బల్బు మీద ఇంకా 210 వోల్టులు ఉంటాయి, చక్కగా వెలుగుతుంది. 5 ఓముల ఎర్తుకీ 50 ఓముల ఎర్తుకీ తేడా కంటికి ఆనదు. తనిఖీలో బల్బు బయటికి తీసినవాడి నివేదికలో ఎర్తు పేజీ చించేయొచ్చు.

సరైన కొలత మూడు మేకులది. మెయిన్ ఆపి, ఎర్తు వైరుని గొయ్యి దగ్గర విప్పి, పైపుని టెస్టరుకి కలుపుతారు. ఇరవై, ముప్పై మీటర్ల దూరంలో ఒక మేకు, ఆ దూరంలో 62 శాతం దగ్గర ఇంకో మేకు దిగ్గొడతారు. మధ్య మేకుని అటూ ఇటూ మీటరున్నర జరిపి మళ్లీ చూస్తే అంకె పెద్దగా మారకూడదు, మారిందంటే ఆ కొలత నమ్మకండి. కొబ్బరితోట మధ్య ఇంటికి ఈ జాగాకు కొదవ లేదు. టౌన్లో సిమెంటు రోడ్ల మధ్య మేకు దిగదు, అప్పుడు లూప్ టెస్టరుతో ట్రాన్స్‌ఫార్మరు దాకా మొత్తం దారి అడ్డు కొలవాలి. పైపు చుట్టూ పెట్టే క్లాంపు ఎర్త్ టెస్టరుని ఒంటరి గొయ్యి ఉన్న ఇంట్లో వాడితే సరైన అంకె రాదు. దానికి కరెంటు తిరిగి వచ్చే రెండో దారి కావాలి, ఒకే గొయ్యికి ఆ దారి ఉండదు. ఖరీదైన పరికరం కదా అని మోసపోకండి.

5 ఓములలోపు వస్తే మంచి ఎర్తు అంటారు. డెల్టా నల్లమట్టిలో, నీటిమట్టం పైకున్న చోట ఇది సులువుగానే వస్తుంది. సముద్రం వారన ఇసుక మెరకల మీద కట్టిన ఇళ్లలో రాదు, ఎండిన ఇసుక కరెంటుని మోయదు. ఇంకో సంగతి, ఏ నెలలో కొలిచారన్నది అంకెతో సమానంగా ముఖ్యం. కార్తీకంలో నేలంతా నానిపోయి ఉన్నప్పుడు కొలిస్తే ప్రతి ఎర్తూ బాగున్నట్టే కనిపిస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక, పెరడు నెర్రెలు విచ్చాక కొలిస్తే అసలు రంగు తెలుస్తుంది. మెగ్గరు సంగతి దీనికి తలకిందులు: ఎండల్లో ఇన్సులేషన్ అంకె బ్రహ్మాండంగా వస్తుంది, ముసురు పట్టిన శ్రావణంలో పడిపోతుంది. రెండూ ఒకే రోజు చేస్తారు కాబట్టి ఏదో ఒకదానికి అనుకూలమైన రోజే దొరుకుతుంది. నివేదిక మీద తేదీ, నేల తడిగా ఉందా పొడిగా ఉందా రాయమనండి. మనుషులు వచ్చేముందు గొయ్యిలో నాలుగు బిందెల నీళ్లు పోసే అమ్మకందారులు ఉంటారు, అదీ చూసుకోండి.

ఎర్తు పాతేటప్పుడు 40 మిల్లీమీటర్ల జీఐ పైపు, రెండున్నర మీటర్ల లోతు, చుట్టూ బొగ్గు, ఉప్పు అని మనవాళ్ల అలవాటు. అంతర్వేది, ఓడలరేవు, మొగల్తూరు వైపు మట్టిలోనే ఉప్పుంటే మళ్లీ ఉప్పు పొయ్యడం పైపుని తొందరగా తినిపించడమే. పైపు నేలకి జానెడు కిందుగా, తడి ఆరే చోట సన్నబడి ఉంటుంది. గొయ్యి మూత తీసి పైన చూస్తే ఏమీ తెలియదు, కొంచెం మట్టి తీయించి గోకి చూడాలి. క్లాంపు నట్టు తుప్పు పట్టి వైరు ఊరికే ఆనుకుని ఉండటం మరీ మామూలు లోపం. దాన్ని విప్పి గీకి బిగిస్తే సగం ఇళ్లలో అంకె అక్కడికక్కడే దిగుతుంది.

ఇంత చెప్పాక, ఎర్తు ఒక్కటీ మనిషిని కాపాడుతుందనుకుంటే పొరపాటు. ఎర్తు 30 ఓములు ఉన్న ఇంట్లో గీజరు ఒంటికి ఫేజు తగిలితే నేలలోకి పోయే కరెంటు 230ని 30తో భాగిస్తే ఏడున్నర ఆంపియర్లకు పైన. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు, పడదు. గీజరు ఒళ్లు అలాగే ఫేజులో ఉంటుంది. 5 ఓముల మంచి ఎర్తు ఉన్నా 46 ఆంపియర్లే పోతాయి, ఆ ఎంసీబీ పడటానికి కొన్ని సెకన్ల నుంచి అర నిమిషం దాకా పట్టొచ్చు. అదే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే ఈ రెండు ఇళ్లలోనూ రెప్పపాటులో పడిపోతుంది. అందుకే తనిఖీ మొత్తంలో ఒకే ఒక్క ప్రశ్న అడగాలంటే ఆర్‌సీసీబీ ఉందా, పనిచేస్తోందా అని అడగాలి. దాని మీదున్న టెస్టు బటన్ నొక్కితే లోపలి యంత్రాంగం కదులుతోందని తెలుస్తుంది కానీ, ఎంత లీకేజీకి ఎంత వేగంగా పడుతోందో తెలియదు. టెస్టరుతో 15 మిల్లీ ఆంపియర్ల దగ్గర పడకూడదు, 30 దగ్గర 300 మిల్లీసెకన్లలోపు, 150 దగ్గర 40 మిల్లీసెకన్లలోపు పడాలి. ఈ మూడు అంకెలూ కాగితం మీద ఉండాలి. ఇన్వర్టరు ఏసీ, కొత్తరకం వాషింగ్ మెషిన్ ఉన్న ఇంటికి "ఏసీ" (AC) టైపు ఆర్‌సీసీబీ కన్నా "ఏ" (A) టైపుది మేలు.

పదేళ్ల లోపు కట్టిన ఇళ్లలో ఆర్‌సీసీబీ ఉన్నా, చాలా చోట్ల "డైరెక్టు" చేసి ఉంటుంది. ఊరికే పడిపోతోందని ఎవరో దాన్ని తప్పించి, దాని ముందు వైర్లను తర్వాతి వైర్లకు పక్కనుంచి నేరుగా కలిపేస్తారు. పడటానికి మామూలు కారణం ఇన్వర్టరు. లైట్ల ఫేజు ఇన్వర్టరు గుండా వస్తుంది, న్యూట్రల్ మాత్రం ఆర్‌సీసీబీకి అవతలి వైపు ఉమ్మడి లింకుకి పోతుంది. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానం కాక అది పడుతుంది. రెండో కారణం ఎక్కడో న్యూట్రల్ ఎర్తుకి తగలడం. ఎలక్ట్రీషియన్ ఎంసీబీలన్నీ ఆపి చూస్తాడు, అయినా పడుతుంది, "ఆర్‌సీసీబీయే పోయిందండి" అంటాడు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజునే కోస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసుంటుంది. న్యూట్రల్ లింకులో వైర్లు ఒక్కొక్కటీ విప్పుకుంటూ పోతే గంటలో దొంగ దొరుకుతాడు. మంచి కాంట్రాక్టరు ఇది నివేదికలో సర్క్యూటు పేరుతో సహా రాస్తాడు.

లోడు పరీక్ష చిన్నదే, కానీ చాలామంది వదిలేస్తారు. మెయిన్‌కి ఇరవై మీటర్ల దూరంలో ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌లో 2 కిలోవాట్ల గీజరో హీటరో పెట్టి, ముందూ తర్వాతా వోల్టేజి రాసుకోవాలి. 2.5 వైరు అయితే రాను పోను నలభై మీటర్లకు 0.3 ఓము, 8.7 ఆంపియర్లకు రెండున్నర వోల్టుల చిల్లర తగ్గాలి. పది తగ్గిందంటే మిగతా ఏడు వోల్టులూ సర్వీసు వైరులోనో ఏదో జాయింటులోనో పోతున్నాయి. జాయింటులోనే అయితే అరవై వాట్లకు పైగా వేడి ఒక స్విచ్‌బోర్డు పెట్టెలో రగులుతోందన్నమాట. వేడి చూపించే కెమెరా ఉంటే అరగంట లోడు మీద ఉంచి బోర్డులు చూస్తే ఎక్కడో తెలిసిపోతుంది.

మోటారు గురించి క్లుప్తంగా. లీకేజీ క్లాంపులో ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి పెట్టి మోటారు వేస్తే సున్నాకి దగ్గరగా రావాలి. సబ్‌మెర్సిబుల్ కేబుల్‌కి బోరు లోపల వేసిన జాయింటు నీరు పీలిస్తే పదులకొద్దీ మిల్లీ ఆంపియర్లు కనిపిస్తాయి. కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటోందన్న ఫిర్యాదుకి సగం మూలం ఇదే.

మండువా లోగిళ్లు, పాత పెంకుటిళ్లు వేరే సంగతి. టేకు పట్టీల మీద క్లిప్పులు కొట్టి లాగిన వైరింగు, అటక మీద ఎలుకలు కొరికిన జాయింట్లు, వానకు తడిసే మండువా స్తంభాల మీద చెక్క స్విచ్‌బోర్డులు. ఇక్కడ మెగ్గరు అంకె బాగానే వచ్చినా నమ్మొద్దు. వైరుని వేలితో వంచితే తొడుగు పెళుసుగా పగిలిందంటే ఇక దాన్ని కదపకూడదు, మొత్తం కొత్తగా వేయాల్సిందే. ఎండు కలప మీద నడిచే వైరు కదా, బాగుచేయిస్తే సరిపోతుందని చెప్పేవాళ్ల మాట వినకండి. లంక గ్రామాల్లో, ఏటిగట్టు లోపల ఉన్న ఇళ్లలో 1986 వరదో 2022 వరదో ఎంత ఎత్తు దాకా వచ్చిందో గోడ మీద గీత అడిగి చూపించుకోవాలి. ఆ గీత కిందున్న బోర్డులు విప్పితే లోపల ఒండ్రు పొర ఉందంటే ఆ ఎంసీబీలు, ఆర్‌సీసీబీ ఆరబెట్టి వాడుకునేవి కావు, మార్చాలి. కింది అంతస్తుకి, మేడకి సర్క్యూట్లు విడివిడిగా ఉన్నాయా అన్నది కూడా రాయించుకోండి, నీళ్లొచ్చినప్పుడు కింద ఆపి పైన బతకొచ్చు.

డబ్బు సంగతి. కొందరు పాయింటుకింత అంటారు, కొందరు విజిటుకింత. పాయింటు లెక్క ఒప్పుకోకండి. సాకెట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టినంత మాత్రాన ఎర్తు కొలిచినట్టు కాదు. సర్క్యూటు వారీగా మెగ్గరు, ఎర్తు విలువ, ఆర్‌సీసీబీ సమయాలు, లోడు పరీక్ష, ఫొటోలు అని రాసుకుని మొత్తానికి ఒక ధర మాట్లాడుకోండి. రిపేరు పనీ తానే చేస్తానని తనిఖీ ఫీజు వదిలేసేవాడితో జాగ్రత్త, లేని లోపాలు పుట్టుకొస్తాయి. మా దృష్టిలో ఈ సేవ ఫీజు అమ్మేవాళ్లకన్నా కొనేవాళ్లు పెట్టుకుంటేనే నిజాయితీగా జరుగుతుంది, ఎవరు పిలిస్తే వాళ్ల మొహం చూసే రాస్తారు కాబట్టి. అమ్మేవాళ్లు ముందే చేయించుకుంటే వేరే లాభం ఉంది, ఆర్‌సీసీబీ లేకపోవడం, ఎర్తు క్లాంపు తుప్పు లాంటివి ఒక రోజు పనితో పోతాయి, బేరంలో వాటి పేరు చెప్పి లక్షలు తగ్గించమనే అవకాశం ఎదుటివాళ్లకు ఉండదు.

కొనేవాళ్లకు సరైన సమయం అడ్వాన్సు ఇచ్చాక, రిజిస్ట్రేషన్‌కి ముందు. అగ్రిమెంటులోనే ఒక షరతు రాయించుకోవాలి: కరెంటు తనిఖీలో ఎర్తు, ఇన్సులేషన్, ఆర్‌సీసీబీల్లో ఏదైనా ఫెయిలైతే అమ్మేవాళ్లు బాగుచేయించాలి లేదా ఇంత మొత్తం తగ్గించాలి అని. ఆస్తి బదలాయింపు చట్టం 1882లో సెక్షన్ 55 ప్రకారం, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని పెద్ద లోపం అమ్మేవాళ్లకు తెలిసి ఉంటే చెప్పి తీరాలి. గోడలోని కాలిన వైరు అలాంటిదే. కానీ తెలిసి దాచారని తర్వాత కోర్టులో నిరూపించడం కన్నా ముందు ఒక్క షరతు రాయించుకోవడం చవక.

ఇంకొక్కటి తనిఖీవాళ్లు చూడరు, మీరే చూసుకోవాలి: బిల్లు బకాయి. పాత యజమాని బకాయిని, డిస్కం నిబంధనల్లో ఉంటే, కొత్తగా కనెక్షన్ అడిగే కొనుగోలుదారు నుంచి కట్టించుకోవచ్చని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. గోదావరి జిల్లాలన్నీ ఈపీడీసీఎల్ అనే డిస్కం కింద ఉన్నాయి. సర్వీసు ఇంకా తాతగారి పేరు మీదే ఉన్న ఇళ్లు ఊరికి పది ఉంటాయి. బకాయి లేదని తేల్చుకోండి, బిల్లు మీద ఉన్న మంజూరైన లోడుని ఇంట్లో ఉన్న ఏసీలు, గీజర్లతో పోల్చుకోండి, రిజిస్ట్రేషన్ అయిన వెంటనే దస్తావేజు నకలుతో పేరు మార్పుకి పెట్టండి. లోడు పెంచాల్సి వస్తే ఆ దరఖాస్తు కూడా అప్పుడే పెట్టండి.